గాలి లెక్క ఎక్కడ తప్పుతుంది: పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత

పొద్దున్నే బయల్దేరే ముందు కారు టైర్లలో 32 పీఎస్ఐ గాలి కొట్టించారు. అప్పుడు టైరు లోపలి గాలి 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంది. హైవే మీద రెండు గంటలు నడిచేసరికి అది 57 డిగ్రీలకు వేడెక్కింది. ఇప్పుడు మీటరు పెడితే ఎంత చూపిస్తుంది?

ఈ లెక్క ఇంటర్ క్లాసులో ఇస్తే మూడు జవాబులు వస్తాయి. ఉష్ణోగ్రత పెరిగిన నిష్పత్తిలోనే పీడనం పెరుగుతుందని చదివినవారు 32ను 57తో గుణించి 27తో భాగించి 67.6 అంటారు. డిగ్రీలకు 273 కలపాలన్న సంగతి గుర్తున్నవారు 32 × 330 ÷ 300 చేసి 35.2 అంటారు. సరైన జవాబు ఈ రెండూ కాదు. 36.7.

మొదటి తప్పు అందరికీ తెలిసిందే. రెండోదాన్ని చాలామంది తప్పుగా గుర్తించరు. టైరు మీటరు లోపలి పీడనాన్ని పూర్తిగా చూపదు, బయటి వాతావరణం కంటే లోపల ఎంత ఎక్కువ ఉందో అంతే చూపుతుంది. పంక్చరై పూర్తిగా కూలబడిన టైరుకు పెట్టినా సున్నా చూపించే మీటరు అది. ఆ టైరులోనూ బయటి గాలితో సమానంగా 14.7 పీఎస్ఐ ఉంటుంది. కాబట్టి 32కు 14.7 కలిపితే అసలు పీడనం 46.7. దాన్ని 330 ÷ 300, అంటే 1.1తో గుణిస్తే 51.4. మీటరు చూపేది కావాలంటే మళ్లీ 14.7 తీసేయాలి. 36.7 వచ్చింది అలా.

మధ్యలో బంకు దగ్గర ఆగి, 36.7 చూసి కంగారుపడి, గాలి తీయించి మళ్లీ 32కు తెచ్చారనుకోండి. రాత్రి టైరు 27 డిగ్రీలకు చల్లారాక అసలు పీడనం 46.7 × 300 ÷ 330 = 42.5. మీటరు మీద 27.8. మర్నాడు పొద్దున బండి గాలి తక్కువైన టైర్లతో బయల్దేరుతుంది, అంచులు అరుగుతాయి, టైరు పక్కగోడలు ఎక్కువగా వంగి ఇంకా వేడెక్కుతాయి. కారు తలుపు అంచున కంపెనీ అంటించే పీడనం అంకె చల్లని టైరుకు సంబంధించినది. వేడి మీద పెరిగే నాలుగైదు పీఎస్ఐని లెక్కలో వేసుకునే ఆ అంకె ఇస్తారు. వేడి టైరులోంచి గాలి తీయకూడదు.

వాయు నియమాల్లో కఠినమైన గణితం ఏదీ లేదు. గుణించడం, భాగించడం వస్తే చాలు. తప్పులన్నీ లెక్క మొదలుపెట్టకముందే జరుగుతాయి. ఏ సున్నా నుంచి కొలుస్తున్నాం, పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత మూడింటిలో ఏది కదలకుండా ఉంది, లోపల ఉన్నది మొత్తం వాయువేనా అన్న మూడు విషయాలు తేల్చుకోకుండా సూత్రంలో అంకెలు వేయడం వల్ల.

గోడను కొట్టే అణువులు

27 డిగ్రీల గాలిలో నైట్రోజన్ అణువులు సగటున సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో పరుగెడుతుంటాయి. గోడకు తగిలి వెనక్కి తిరిగే ప్రతిసారీ ఓ చిన్న తోపు. లెక్కకు అందనన్ని తోపుల మొత్తమే పీడనం.

పాత్రను సగానికి కుదిస్తే, అదే వేగంతో పోయే అణువు గోడను రెండింతలు ఎక్కువసార్లు తాకుతుంది. పీడనం రెట్టింపు. బాయిల్ నియమం ఇంతే: ఉష్ణోగ్రత మారనంతవరకు పీడనాన్ని ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చే అంకె మారదు.

వేడి చేస్తే జరిగేది ఇంకొంచెం ఆసక్తికరం. అణువుల గతిశక్తి పరమ ఉష్ణోగ్రతకు (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చేది) అనులోమానుపాతంలో ఉంటుంది. గతిశక్తిలో ఉండేది వేగం వర్గం కనుక, వేగం పెరిగేది ఉష్ణోగ్రత వర్గమూలం లెక్కన. మరి పీడనం వర్గమూలం లెక్కన కాకుండా నేరుగా ఉష్ణోగ్రత లెక్కన ఎందుకు పెరుగుతుంది? వేగం పెరిగిన అణువు గోడను గట్టిగా కొడుతుంది, దాంతోపాటు తరచుగానూ కొడుతుంది. దెబ్బ బలం ఒక వర్గమూలం, దెబ్బల సంఖ్య ఇంకో వర్గమూలం. రెండూ గుణిస్తే ఉష్ణోగ్రతే మిగులుతుంది. ఇది ఒకసారి మనసుకెక్కితే ఏ నియమమూ బట్టీ పట్టనక్కర్లేదు.

బరువైన అణువులు గట్టిగా కొట్టాలి కదా అన్న అనుమానం సహజం. అదే ఉష్ణోగ్రత వద్ద అవి అంత నెమ్మదిగానూ పోతాయి. బరువు వల్ల వచ్చే లాభం వేగం తగ్గడంతో సరిగ్గా చెల్లిపోతుంది. అందుకే పీడనం, ఉష్ణోగ్రత ఒకటే అయితే ఒక లీటరు హైడ్రోజన్‌లోనూ ఒక లీటరు కార్బన్ డయాక్సైడ్‌లోనూ అణువుల సంఖ్య ఒకటే. అవగాడ్రో 1811లో ప్రతిపాదించింది ఇదే.

సిరంజితో వాతావరణాన్ని తూచడం

రాబర్ట్ బాయిల్ 1662లో ప్రచురించిన ప్రయోగానికి ఒక కొస మూసిన, ఇంగ్లిష్ జే అక్షరం ఆకారంలోని పొడవాటి గాజు గొట్టం, బోలెడంత పాదరసం వాడాడు. మనకు 20 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సిరంజి, నాలుగు లీటరు నీళ్ల సీసాలు చాలు.

సూది తీసేసి పిస్టన్‌ను 20 గుర్తు దగ్గర నిలపండి. ఆ తర్వాతే ముక్కు రంధ్రాన్ని ఎంసీల్ లాంటి దానితో మూసి, పూర్తిగా గట్టిపడేదాకా వదిలేయండి. ముందే మూసి తర్వాత పిస్టన్ లాగితే లోపల ఎంత గాలి ఉందో తెలియకుండా పోతుంది. సిరంజిని నిలువుగా, కదలకుండా బిగించి, పిస్టన్ తల మీద చిన్న చెక్కపలక పెట్టండి. దాని మీద ఒక్కో లీటరు నీళ్ల సీసా, అంటే ఒక్కో కిలో, పెంచుకుంటూ గుర్తు చదవాలి.

పిస్టన్ వైశాల్యం తెలుసుకోవడానికి సిరంజి కొయ్యనక్కర్లేదు. సున్నా నుంచి 20 గుర్తు దాకా పొడవును స్కేలుతో కొలవండి. 6.4 సెంటీమీటర్లు వస్తే, 20ని దానితో భాగించండి: సుమారు 3.1 చదరపు సెంటీమీటర్లు. సముద్రమట్టం దగ్గర వాతావరణం చదరపు సెంటీమీటరుకు 1.03 కిలోల బరువుతో నొక్కుతుంది. అంటే మీరు ఏమీ పెట్టకముందే ఆ పిస్టన్ మీద 3.2 కిలోలు ఉన్నట్లు లెక్క. ఒక కిలో పెడితే మొత్తం 4.2, గాలి 15.2 మిల్లీలీటర్లకు కుదించుకుంటుంది. రెండు కిలోలకు 12.3. మూడు కిలోలకు 10.3.

ఇప్పుడు అసలు పని. ఘనపరిమాణాన్ని నేరుగా గ్రాఫు మీద వేస్తే వంపు గీత వస్తుంది, దాన్ని చూసి విలోమానుపాతం అవునో కాదో ఎవరూ తేల్చలేరు. అడ్డంగా ఒకటి భాగించు ఘనపరిమాణం, నిలువుగా మీరు పెట్టిన కిలోలు వేయండి. సరళరేఖ వస్తుంది. ఆ రేఖను వెనక్కి, సున్నా కిందికి పొడిగిస్తే నిలువు అక్షాన్ని మైనస్ 3.2 కిలోల దగ్గర తాకుతుంది. ఆ 3.2 కిలోలే వాతావరణం బరువు. టైరు లెక్కలో 14.7 కలపడం ఎందుకో ఈ గ్రాఫు కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. పెట్టిన బరువుకు మాత్రమే బాయిల్ సూత్రం వేసి చూడండి, ఎక్కడా కుదరదు. సముద్రమట్టానికి అర కిలోమీటరు పైనున్న హైదరాబాద్‌లో చేస్తే 3.0కి దగ్గరగా రావాలి, విశాఖలో 3.2. సిరంజి రాపిడి ఈ తేడాను మింగేయకపోతే.

ఆ రాపిడే ఇక్కడ ప్రధాన శత్రువు. రబ్బరు గోడను పట్టుకోవడం వల్ల పిస్టన్ చేరాల్సిన చోటికి చేరకముందే ఆగిపోతుంది. అంచుకు చుక్క గ్లిజరిన్ రాయండి. ప్రతి బరువు దగ్గరా పిస్టన్‌ను కొద్దిగా కిందికి నొక్కి వదిలి ఒకసారి, కొద్దిగా పైకి లాగి వదిలి ఒకసారి చదివి సగటు తీసుకోండి. బరువు పెట్టిన వెంటనే కాకుండా ఒక నిమిషం ఆగి చదవాలి. చివర్లో బరువులన్నీ తీసేస్తే పిస్టన్ 20 దగ్గరికి రాకపోతే ఎక్కడో గాలి కారింది, ఆ అంకెలు పారేయాల్సిందే.

మైనస్ 273 ఎక్కడి నుంచి వచ్చింది

ఇరవై ఏడు డిగ్రీల గాలిని యాభై నాలుగు డిగ్రీలకు వేడి చేస్తే వేడి రెట్టింపైనట్టు కనిపిస్తుంది. గాలి వ్యాకోచం మాత్రం తొమ్మిది శాతమే. సెల్సియస్ సున్నా నీరు గడ్డకట్టే చోటు. నీటికి అది ముఖ్యం, గాలి అణువులకు కాదు. అవి అక్కడా సెకనుకు వందల మీటర్ల వేగంతో పోతూనే ఉంటాయి.

సన్నని గాజు గొట్టంలో పాదరసం బొట్టు కింద కొంత గాలిని బంధించి, ఐసు నీళ్లలో ముంచినప్పుడు గాలి స్తంభం పొడవు 100 మిల్లీమీటర్లు ఉందనుకోండి. 100 డిగ్రీల దగ్గర అది 136.6 అవుతుంది. డిగ్రీకి 0.366 పెరుగుదల. అదే లెక్కన వెనక్కి పోతే 273 డిగ్రీలు తగ్గించేసరికి పొడవు సున్నా కావాలి. నిజానికి ఏ వాయువూ అంతదూరం వాయువుగా మిగలదు, ముందే ద్రవమైపోతుంది. కానీ ఏ వాయువుతో చేసినా గీతలన్నీ అదే చోటికి వెళ్తాయి. అదే పరమ శూన్య ఉష్ణోగ్రత, మైనస్ 273.15. అక్కడి నుంచి లెక్కించేదే కెల్విన్ కొలమానం.

లేబులో ఈ ప్రయోగం చేసి మైనస్ 278 తెచ్చుకునేవారు ఉంటారు. హైదరాబాద్ ఎత్తులో నీరు 98 డిగ్రీల చిల్లర దగ్గరే మరుగుతుంది. దాన్ని 100గా రాసుకుంటే గీత వాలు తగ్గి, తాకే చోటు అయిదు డిగ్రీలు దూరం జరుగుతుంది. చేయి తప్పు కాదు, మరిగే నీళ్లంటే 100 అనుకోవడం తప్పు.

ఈ సంబంధానికి పేరు పెట్టించుకున్న జాక్ చార్లెస్ 1783లో పారిస్‌లో హైడ్రోజన్ బెలూన్‌లో స్వయంగా పైకి వెళ్లినవాడు. వాయువుల వ్యాకోచం మీద చేసిన పనిని ఆయన ప్రచురించలేదు. 1802లో తన ఫలితాలు ప్రచురిస్తూ చార్లెస్‌కు ఘనత ఇచ్చినవాడు గేలూసాక్.

మూడూ కలిసి మారినప్పుడు

హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం ఉంది. దశాబ్దాలుగా అక్కడి నుంచి పరిశోధన పరికరాలను మోసుకుంటూ పెద్ద పాలిథిన్ బెలూన్లు 30 కిలోమీటర్లు దాటి పైకి వెళ్తున్నాయి. నేల మీద నింపేటప్పుడు చూస్తే పొడవాటి సంచిలో పై కొసన మాత్రమే బుడగలా హైడ్రోజన్ ఉంటుంది, మిగతాదంతా ముడుచుకుని వేలాడుతుంది. ఎందుకంత ఖాళీ?

నేల దగ్గర పీడనం సుమారు 950 హెక్టోపాస్కల్స్, ఉష్ణోగ్రత 300 కెల్విన్. 30 కిలోమీటర్ల ఎత్తున పీడనం సుమారు 12, ఉష్ణోగ్రత 226. పీడనం ఒక్కటే చూస్తే వాయువు 79 రెట్లు పెరగాలి. కానీ పైన చలి ఎక్కువ. ఆ చలి 226 ÷ 300 వంతుకు కుదిస్తుంది. మొత్తం మీద 60 రెట్లు. నేల మీద 1,000 ఘనపు మీటర్లు నింపితే పైన 60,000 ఘనపు మీటర్ల చోటు కావాలి. సంచి మొదటే నిండుగా ఉంటే పైకి వెళ్లే కొద్దీ గ్యాసును బయటికి వదిలేయడం తప్ప దారి లేదు.

ఇందులో ఇంకో అందం ఉంది. బెలూన్ ఉబ్బే కొద్దీ తేలే బలం పెరుగుతుందని అనిపిస్తుంది. పెరగదు. చుట్టూ ఉన్న గాలి కూడా అదే పీడనం, అదే ఉష్ణోగ్రతల వల్ల అదే నిష్పత్తిలో పలచబడుతుంది. బెలూన్ తొలగించే గాలి బరువు నేల మీద ఎంతో పైనా అంతే. ఆ 1,000 ఘనపు మీటర్లు మొత్తం సుమారు 1,000 కిలోలను ఎత్తుతాయి, సంచి పూర్తిగా నిండేదాకా ఆ బలం మారదు. నిండాక అదనపు గ్యాసు కింది గొట్టాల్లోంచి బయటికి పోతుంది, బలం బరువుతో సమానమైన చోట బెలూన్ నిలకడగా తేలుతుంది.

పీడనం × ఘనపరిమాణం ÷ ఉష్ణోగ్రత మారదు అన్న సంయుక్త సూత్రానికి, అణువులను లెక్కపెట్టే ప్రమాణమైన మోల్‌ల సంఖ్యను చేరిస్తే ఆదర్శ వాయు సమీకరణం వస్తుంది: పీవీ = ఎన్ఆర్‌టీ. ఇక్కడ ఆర్ అనే స్థిరాంకం విలువ దగ్గరే పరీక్షల్లో మార్కులు పోతాయి. పీడనం కిలోపాస్కల్స్‌లో, ఘనపరిమాణం లీటర్లలో ఉంటే 8.314. బార్ (100 కిలోపాస్కల్స్), లీటర్లయితే 0.0831. అట్మాస్ఫియర్, లీటర్లయితే 0.0821. పీడనం అట్మాస్ఫియర్లలో రాసి ఆర్ స్థానంలో 8.314 వేస్తే జవాబు 101 రెట్లు తేడా వస్తుంది. ఒక మోల్ వాయువు 22.4 లీటర్లా, 22.7 లీటర్లా అన్న గొడవ కూడా ఇలాంటిదే. సున్నా డిగ్రీల దగ్గర పీడనం ఒక అట్మాస్ఫియర్ అయితే 22.4, ఒక బార్ అయితే 22.7. 1982లో అంతర్జాతీయ రసాయన సంఘం ప్రామాణిక పీడనాన్ని ఒక బార్‌కు మార్చింది. పాత పుస్తకాలు పాత అంకెతోనే ఉన్నాయి. ప్రశ్నలో ఏ పీడనం ఇచ్చారో చూసి వాడాలి.

లేబులో నీటి మీద వాయువును సేకరించేటప్పుడు ఇంకో అంకె దాక్కుని ఉంటుంది. 0.050 గ్రాముల మెగ్నీషియం తీగను ఆమ్లంలో కరిగిస్తే 0.00206 మోల్‌ల హైడ్రోజన్ వస్తుంది. 27 డిగ్రీల దగ్గర, 100 కిలోపాస్కల్స్ పీడనంలో గొట్టంలో 53.2 మిల్లీలీటర్లు కొలుస్తాం. కానీ గొట్టంలో ఉన్నది హైడ్రోజన్ ఒక్కటే కాదు, నీటి ఆవిరి కూడా. 27 డిగ్రీల దగ్గర దాని పీడనం 3.6 కిలోపాస్కల్స్. హైడ్రోజన్ వాటా 96.4 మాత్రమే. ఆ 3.6ను తీసేయడం మరిచిపోతే మెగ్నీషియం పరమాణు భారం 24.3కు బదులు 23.4 వస్తుంది. గొట్టం లోపలి నీటిమట్టం, బయటి తొట్టెలో నీటిమట్టం సమానం చేశాకే కొలత తీయాలి, లేకపోతే లోపలి పీడనం వాతావరణ పీడనం కాదు.

ఏది కదలకుండా ఉంది?

సైకిల్ పంపు నాలుగైదుసార్లు కొడితే గొట్టం కింది భాగం చేతికి వేడిగా తగులుతుంది. రాపిడి వల్లే అనుకుంటారు. ఎక్కువ వేడి గాలిని కుదించడం వల్లే పుడుతుంది. ముందుకొస్తున్న పిస్టన్‌కు తగిలిన అణువు, ఎదురొచ్చిన బ్యాటుకు తగిలిన బంతిలా, ఎక్కువ వేగంతో వెనక్కి తిరుగుతుంది. నెమ్మదిగా కుదిస్తే ఆ వేడి గోడల గుండా పోయి ఉష్ణోగ్రత మారకుండా ఉంటుంది, బాయిల్ నియమం పనిచేస్తుంది. వేడి పోయే వ్యవధి ఇవ్వకుండా గాలిని సగానికి కుదిస్తే, లెక్క ప్రకారం 27 డిగ్రీల గాలి 123 డిగ్రీలకు చేరుతుంది, పీడనం రెండు రెట్లు కాదు, 2.64 రెట్లు అవుతుంది. సిరంజి ప్రయోగంలో నిమిషం ఆగమన్నది ఇందుకే.

డీజిల్ ఇంజిన్ బతికేదే ఈ వేడి మీద. గాలిని 18వ వంతుకు కుదిస్తే, వేడి ఏమాత్రం పోలేదనుకుంటే, ఉష్ణోగ్రత 680 డిగ్రీలకు వెళ్తుంది. సిలిండరు గోడలు కొంత లాగేసినా, పిచికారీ చేసిన డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి మిగిలింది చాలు. స్పార్క్ ప్లగ్ అవసరం లేనిది అందుకే.

సీఎన్‌జీ బంకులో ఇదే సంగతి నష్టంగా కనిపిస్తుంది. వేగంగా నింపుతుంటే సిలిండరు లోపలి గ్యాసు వేడెక్కుతుంది. అది 57 డిగ్రీల దగ్గర ఉండగా మీటరు 200 బార్ చూపి ఆగిపోతే, చల్లారాక మిగిలేది సుమారు 180 బారే. బంకు తప్పు తూకం వేయలేదు. కిలోలకు డబ్బు కట్టినంత గ్యాసే లోపల ఉంది, సిలిండరు పట్టగలిగినంత మాత్రం లేదు. ఎండాకాలం మధ్యాహ్నం కంటే తెల్లవారుజామున నింపిస్తే ఎక్కువ కిలోలు పడతాయి.

ఆక్సిజన్ సిలిండరు లెక్క అందరూ తెలుసుకోవాల్సింది, ఎందుకంటే ఇంట్లో రోగి ఉన్నప్పుడు ఆ అవసరం చెప్పకుండా వస్తుంది. చిన్న బీ టైపు సిలిండరు లోపలి చోటు 10 లీటర్లు, పెద్ద డీ టైపుది 46.7 లీటర్లు. మీటరులో బార్ అంకెను ఆ లీటర్లతో గుణిస్తే వాడుకోగలిగే ఆక్సిజన్ లీటర్లు వస్తాయి. బీ టైపు 150 బార్ దగ్గర 1,500 లీటర్లు. నిమిషానికి 5 లీటర్లు పెడితే 300 నిమిషాలు, అయిదు గంటలు. ముల్లు 60 దగ్గరికి వస్తే రెండు గంటలే మిగిలింది. పూర్తిగా అడుగంటేదాకా ఆగకుండా ఇంకో సిలిండరు ముందే సిద్ధం చేసుకోవాలి.

టైరు లెక్కలో మీటరు అంకెను నేరుగా వాడొద్దని చెప్పి ఇక్కడ వాడమనడం ఏమిటని అడగాలి, అడగడం న్యాయం. బయటి ఒక బార్ కలిపితే అసలు పీడనం 151 బార్. బాయిల్ నియమం ప్రకారం అది బయటి పీడనంలో 1,510 లీటర్లు. కానీ లోపలి పీడనం బయటిదానితో సమానమయ్యాక చివరి 10 లీటర్లు సిలిండరులోనే ఉండిపోతాయి, బయటికి రావు. మిగిలేది 1,500. మీటరు అంకె ఆ తీసివేతను తానే చేసిపెట్టింది. ఎక్కడ కలపాలో ఎక్కడ అక్కర్లేదో అణువుల లెక్క చూసుకుంటేనే తేలుతుంది.

లోపల ఉన్నది మొత్తం వాయువేనా?

వంటగ్యాసు బండలో 14.2 కిలోల సరుకు ఉంటుంది. బండ లోపలి చోటు 33.3 లీటర్లు. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఆ గ్యాసు మోల్ బరువు సగటున 50 గ్రాములు అనుకుంటే 284 మోల్‌లు. పీవీ = ఎన్ఆర్‌టీలో వేస్తే 27 డిగ్రీల దగ్గర 213 బార్ వస్తుంది! బండ ఆ పీడనానికి కట్టినది కాదు. నిజంగా ఉండేది బ్యూటేన్ బాష్పపీడనమైన (తన ద్రవం పైన ఆవిరి చూపే పీడనం) 2.6 బార్‌కు, ప్రొపేన్ బాష్పపీడనమైన 10 బార్‌కు మధ్య, మిశ్రమాన్ని బట్టి.

లోపల ఎక్కువ భాగం ద్రవం. సుమారు 26 లీటర్ల ద్రవం, పైన కొద్దిగా ఆవిరి. ఆవిరి వాడేస్తే ద్రవం మరిగి ఆ లోటు పూడుస్తుంది, పీడనం మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి నిండు బండకూ పావు వంతు మిగిలిన బండకూ పీడనం దాదాపు ఒకటే, మీటరు పెట్టి ఎంత మిగిలిందో చెప్పడం కుదరదు. ఆఖరి చుక్క ద్రవం ఆవిరయ్యాక మాత్రమే లోపల మిగిలిన ఆవిరికి బాయిల్ నియమం వర్తిస్తుంది. 33 లీటర్లలో నాలుగు బార్ దగ్గర ఉండే ఆ ఆవిరి బరువు సుమారు 300 గ్రాములు. పద్నాలుగు కిలోల్లో చివరి పావు కిలో చిల్లరే పాఠంలో చెప్పినట్టు నడుచుకుంటుంది.

ఎంత మిగిలిందో తెలియాలంటే తూచి, బండ మీద రాసి ఉన్న ఖాళీ బరువు తీసేయాలి. తడిగుడ్డతో బండను నిలువునా తుడిచి చూడటం కూడా పనిచేస్తుంది: ద్రవం ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది. పెళ్లి వంటల పొయ్యి మీద బండ చెమట పట్టి, మంచు కట్టి, మంట తగ్గిపోవడం చూసే ఉంటారు. మరగడానికి కావాల్సిన వేడి ద్రవంలోంచే పోతుంది, ద్రవం చల్లబడుతుంది, బాష్పపీడనం పడిపోతుంది. రెండు మూడు బండలు కలిపి పెట్టేది ఇందుకు. చలికాలంలో బండ అయిపోవచ్చినప్పుడు మంట ఇంకా బలహీనపడుతుంది, ఎందుకంటే ప్రొపేన్ ముందు ఎక్కువగా పోయి చివరికి బ్యూటేన్ మిగులుతుంది. మంట కోసం బండను పొయ్యి దగ్గరికి జరపడం, వేడినీళ్లలో పెట్టడం ప్రాణాంతకం. ద్రవం వ్యాకోచించి పైనున్న ఆవిరి చోటును నింపేస్తే, ద్రవానికి కుదించుకునే గుణం లేదు కనుక పీడనం ఒక్కసారిగా లేస్తుంది.

కుక్కరుదీ ఇదే కథ. మూసిన కుక్కరులో 27 డిగ్రీల గాలిని 120 డిగ్రీలకు వేడి చేస్తే పీడనం 1.3 రెట్లే అవుతుంది, విజిల్ కూడా లేవదు. విజిల్‌ను లేపేది నీటి ఆవిరి. 120 డిగ్రీల దగ్గర ఒక్క ఆవిరి పీడనమే రెండు బార్.

ద్రవం లేకపోయినా ఆదర్శ సమీకరణం ఎక్కువ పీడనాల దగ్గర కొంత తప్పుతుంది. అణువులకు సొంత పరిమాణం ఉంది, ఒకదాన్నొకటి లాక్కుంటాయి కూడా. వాన్ డర్ వాల్స్ 1873లో ఈ రెండు సవరణలూ చేర్చాడు. 27 డిగ్రీల దగ్గర ఒక లీటరులో ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్ పెడితే ఆదర్శ లెక్క 24.9 బార్ అంటుంది, ఆయన లెక్క 22.4. ఆకర్షణ గెలిచింది. సీఎన్‌జీకి ఇది లాభం: 60 లీటర్ల సిలిండరులో 200 బార్ దగ్గర ఆదర్శ లెక్కకు 7.7 కిలోలు పట్టాలి, నిజంగా 9 కిలోల పైనే పడుతుంది. హైడ్రోజన్‌లో ఆకర్షణ బలహీనం, అణువుల సొంత చోటే పైచేయి, కాబట్టి అదే పీడనం దగ్గర లెక్క కంటే పది శాతం పైగా తక్కువ పడుతుంది.

నొక్కితే ద్రవమవుతుందా లేదా అన్నది సందిగ్ధ ఉష్ణోగ్రత తేలుస్తుంది: దానికి పైన ఎంత నొక్కినా వాయువు ద్రవం కాదు. ఆక్సిజన్‌కు అది మైనస్ 118, మీథేన్‌కు మైనస్ 82. మన ఊళ్లలో ఎంత నొక్కినా అవి వాయువులే, అందుకే వాటి సిలిండర్లకు పీడనం మీటరు అర్థవంతం. ప్రొపేన్‌కు 97, బ్యూటేన్‌కు 152, అందుకే అవి బండలో ద్రవంగా ఒదుగుతాయి. కార్బన్ డయాక్సైడ్‌కు మాత్రం 31. తెలుగు నేల మీద ఏడాదిలో సగం రోజులు ఆ గీతకు అటూ ఇటూ తిరుగుతాం. ఆఫీసు గోడకు వేలాడే కార్బన్ డయాక్సైడ్ అగ్నిమాపక సిలిండరులో 20 డిగ్రీల ఉదయం 57 బార్ పీడనంతో ద్రవం, ఆవిరి విడివిడిగా ఉంటాయి. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలకు ఆ రెంటి మధ్య హద్దే చెరిగిపోయి, పీడనం చాలా వేగంగా పెరుగుతుంది. పీడనం అంకె లోపల ఎంత సరుకు ఉందో చెప్పలేదు కనుకే పొడి రసాయన సిలిండర్లకుండే మీటరు దీనికి ఉండదు. తనిఖీలో దాన్ని తక్కెడ మీద పెట్టి, మీద రాసి ఉన్న బరువుతో పోలుస్తారు. లోపలి సరుకులో పది శాతం కంటే ఎక్కువ తరుగు కనిపిస్తే మళ్లీ నింపిస్తారు.